తెల్ల బంతి ఎక్కడ ఆగితే అక్కడి నుంచే

ఈ సంక్రాంతికి మా అక్క కొడుకు విశాఖ నుంచి రాయగడ వస్తూ పెద్ద అట్టపెట్టె ఒకటి మోసుకొచ్చాడు. విప్పితే డార్ట్ బోర్డు. భోగినాడు భోజనాలయ్యాక వసారా గోడకి మేకు కొట్టి తగిలించాం. నేల నుంచి బోర్డు నడిమధ్యకి 1.73 మీటర్లు ఉండాలి, బోర్డు నుంచి మనం నిలబడే గీత 2.37 మీటర్ల దూరంలో ఉండాలి. వాడు టేపు పెట్టి రెండుసార్లు కొలిచాడు. గీత గియ్యడానికి అక్క ముగ్గుపిండి ఇచ్చింది. చీకటి పడేదాకా పిల్లా పెద్దా అందరం బాణాలు విసిరాం.

రాత్రి అరిసెలు తింటూ వాడొక మాట అన్నాడు. "మావయ్యా, ఏ ఆటైనా తీసుకో, డార్ట్స్‌లో తొమ్మిది బాణాలతోనే ఆట ముగించే నైన్ డార్టర్‌ని మించిన కష్టమైన పర్‌ఫెక్ట్ స్కోరు లేదు. మీ స్నూకర్‌లో 147 కూడా దీని ముందు తేలికే."

ఆ మాటకి నేను ఊరుకోలేకపోయాను. స్నూకర్ అంటే పచ్చగుడ్డ బల్ల మీద కర్రతో తెల్ల బంతిని కొట్టి, దానితో రంగు బంతుల్ని పాకెట్లలో వేసే ఆట. అందులో ఒకే వంతులో పూర్తి స్కోరు 147. మా ఇంట్లో అది మామూలు అంకె కాదు. భోగి రాత్రి మొదలైన వాదన కనుమ దాకా సాగింది. వాడు రైలెక్కి వెళ్ళాక ఫోన్లో కూడా నడుస్తోంది. వాడు చెప్పినవాటిలో నేను కాదనలేనివి కొన్ని ఉన్నాయి. వాటిని దాచకుండా, నా మాటా వాడి మాటా కలిపి ఇక్కడ పెడుతున్నాను. నా పక్షం ముందే చెప్పేస్తాను. రెండిట్లో 147 కష్టం. అయితే దానికి జనం సాధారణంగా చెప్పే కారణాలు చాలావరకు సరైనవి కావని నా నమ్మకం.

మా నాన్న మార్కర్. ఒక కాగితం మిల్లు క్లబ్బులో ఇరవై ఆరేళ్ళు పనిచేశాడు. మార్కర్ అంటే స్నూకర్ ఆడేవాళ్ళ పక్కన నిలబడి స్కోరు చెప్పి, పాకెట్లో పడ్డ రంగు బంతుల్ని తీసి మళ్ళీ వాటి చుక్కల మీద పెట్టే మనిషి. బల్ల బాగోగులన్నీ ఆయనవే. స్నూకర్ పుట్టింది మన దేశంలోనే, 1875లో జబల్‌పూర్‌లో, ఇంగ్లీషు సైన్యపు అధికారుల మెస్సులో. ఆ అధికారులు పోయినా, ఆ బల్లలూ మార్కర్ అన్న మాటా మన క్లబ్బుల్లో మిగిలాయి.

సెలవుల్లో నేను నాన్నతో పాటు క్లబ్బుకి వెళ్ళేవాణ్ణి. ఆయన మొదటి పని బల్లని ఇస్త్రీ చెయ్యడం. బల్ల మీది పచ్చగుడ్డ ఉన్నిది, దానికి ఒకవైపుకి వాలిన నూగు ఉంటుంది. పిల్లి వీపు నిమిరినట్టు ఆ వాలునే బ్రష్ చెయ్యాలి, ఎదురు చెయ్యకూడదు. బ్రష్ అయ్యాక ఇస్త్రీపెట్టె వేడి చేసి, ముందు పాత న్యూస్‌పేపర్ మీద పెట్టి చూసేవాడు. కాగితం గోధుమరంగుకి తిరిగితే వేడి ఎక్కువైనట్టు, కాసేపు ఆగాలి. తరవాత బల్ల ఈ చివర నుంచి ఆ చివరకి ఒకే లాగులో, ఎక్కడా ఆగకుండా నడుస్తూ వెళ్ళేవాడు. పన్నెండడుగుల బల్ల. మధ్యలో ఒక్క క్షణం ఆగితే మచ్చ పడిపోతుంది. చివరగా తెల్ల బంతిని చాలా నెమ్మదిగా దొర్లించి, తను వంగి, కన్ను బల్ల అంచుకి ఆనించి చూసేవాడు. వానాకాలంలో నాగావళి వైపు నుంచి తేమ వస్తే గుడ్డ బరువెక్కి, అదే దెబ్బకి బంతి జానెడు ముందే ఆగిపోయేది. ఆ జానెడు తేడాని నాన్న అంత పట్టించుకోవడం చిన్నప్పుడు నాకు వింతగా ఉండేది. ఇప్పుడు నా వాదనంతా ఆ జానెడు మీదే నిలబడి ఉంది.

ఎనిమిదో ఎక్కం నాకు నాన్న గొంతులోనే వచ్చింది. రెడ్డు ఒకటి, బ్లాక్ ఏడు, కలిపి ఎనిమిది. మళ్ళీ రెడ్డు, బ్లాక్, పదహారు. అలా పదిహేను రెడ్లూ పదిహేను బ్లాకులూ వేస్తే నూట ఇరవై. ఆపైన రంగులు వరసగా ఒక్కొక్కటి: ఎల్లో 2, గ్రీన్ 3, బ్రౌన్ 4, బ్లూ 5, పింక్ 6, బ్లాక్ 7. మొత్తం 147. ముప్పై ఆరు దెబ్బలు, ఒక్కటీ తప్పకూడదు. నాన్న తన సర్వీసంతటిలో బోర్డు మీద వేసిన అతి పెద్ద బ్రేక్, అంటే ఒకే వంతులో వచ్చిన స్కోరు, 71. ఎక్కాన్ని నూట ఇరవై దాకా నాకు నేర్పించాడు గానీ బల్ల దగ్గర అంతవరకు చదివే అవకాశం ఆయనకి రాలేదు.

డార్ట్స్‌లో లెక్క పైనుంచి కిందికి దిగుతుంది. 501తో మొదలై సున్నాకి రావాలి. మూడేసి బాణాలకి ఒక వంతు. ట్రెబుల్ 20లో, అంటే 20ని మూడింతలు చేసే గడిలో, గుచ్చుకుంటే అరవై, మూడూ అక్కడే పడితే 180. రెండు వంతుల్లో 360 పోయి 141 మిగులుతుంది. దాన్ని మూడు బాణాల్లో తెంపాలి, ఆఖరిది డబుల్‌లోనే, అంటే అంకెని రెట్టింపు చేసే గడిలోనే దిగాలి. ట్రెబుల్ 20, ట్రెబుల్ 19, డబుల్ 12 అనేది అందరికీ తెలిసిన దారి. ఇంకో దారి ఉంది, నాకు అదే అందంగా అనిపిస్తుంది: ట్రెబుల్ 20, ట్రెబుల్ 19, నడిమధ్య బుల్ (యాభై, అదీ డబుల్ కిందే లెక్క) కలిపితే 167. అలా మూడుసార్లు వేస్తే సరిగ్గా 501.

ఆ ట్రెబుల్ ఎంత సన్నమో ఫొటోలో తెలీదు. వాడి బోర్డు మీద స్కేలు పెట్టి చూశాను. వెడల్పు 8 మిల్లీమీటర్లు, పొడవు మూడు సెంటీమీటర్ల పైన కొంచెం. పిల్లల పెన్సిలొకటి ఆ గడి మీద పడుకోబెడితే గడి దాదాపు నిండిపోయింది. మనిషి నిలువంత దూరానికి మించి నిలబడి, కిత్తనార బోర్డులో పెన్సిలంత గడిలో మూడు బాణాలు గుచ్చాలి. మొదటి రెండూ పడ్డాక వాటి తోకలే మూడోదానికి అడ్డం. అందుకే ఆటగాళ్ళు ఒక్కోసారి మూడో బాణానికి కింది ట్రెబుల్ 19కి మారతారు. ఇదంతా చూశాక దీన్ని తేలిక అనడానికి నాకు నోరు రాలేదు, ఇప్పటికీ రాదు.

సంక్రాంతి పొద్దున వాడు కాగితం మీద లెక్క వేసుకొచ్చాడు. ఇంజినీరు కదా. "గొప్ప ఆటగాడు ఒక్కో బాణాన్నీ అనుకున్న చోట రెండింట ఒకసారి వేస్తాడనుకుందాం. తొమ్మిది వరసగా పడాలంటే 512లో ఒక్కసారి. ఇప్పుడు స్నూకర్‌కి రా. గొప్ప ఆటగాడు నూటికి 97 బంతులు పాకెట్లో వేస్తాడనుకుందాం. ముప్పై ఆరు వరసగా పడాలంటే మూడింట ఒకసారి. ఇక చెప్పు మావయ్యా."

నేను కాలిక్యులేటర్ తీసి చూశాను. లెక్కలో తప్పు లేదు. కాసేపు నా దగ్గర జవాబు లేదు కూడా. కాఫీ తాగుతుంటే తట్టింది. నిజంగా మూడింట ఒకసారి అయితే ప్రతి మూడో ఫ్రేములో, అంటే ప్రతి మూడో ఆటలో, 147 రావాలి కదా? టీవీలో ఒక మ్యాచ్‌కి నాలుగైదు చూడాలి. వాస్తవంలో పెద్ద పెద్ద టోర్నమెంట్లు మొత్తం ఒక్కటి కూడా లేకుండా ముగుస్తాయి. అంటే ఆ 97 అనే అంకె ఏదో దాస్తోంది.

వాడు వెంటనే ఇంకో మాట పట్టుకున్నాడు. "అవకాశాలు తక్కువ వస్తాయి, అందుకని అరుదు. అరుదైనదల్లా కష్టమా?"

ఇది చాలా మంచి ప్రశ్న. ఈ రెండు ఆటల గురించి వాదించేవాళ్ళు సగం మంది ఇక్కడే తడబడతారు. ఎవరెన్నిసార్లు చేశారో లెక్కపెట్టి, తక్కువసార్లు జరిగింది కష్టమైనదని తేల్చేస్తారు. ఆ లెక్క ప్రకారం పోతే ఫిల్ టేలర్ టీవీ మ్యాచ్‌ల్లో చేసిన నైన్ డార్టర్లు 11, రానీ ఓ సలివన్ అధికారికంగా చేసిన 147లు 2025 నాటికి 17. డార్ట్సే కష్టమని తేలిపోతుంది. కానీ ఆ 11 కెమెరా ముందు చేసినవి మాత్రమే. స్నూకర్‌లో కెమెరా ఉన్నా లేకపోయినా ప్రొఫెషనల్ టోర్నమెంట్‌లో చేస్తే లెక్కే. ఒకటి తూకం, ఇంకోటి కొలత. రెండూ పక్కపక్కన పెట్టి చూడలేం.

అవకాశాల విషయంలో వాడిదే న్యాయం, ఒప్పుకుంటాను. డార్ట్స్‌లో ప్రతి లెగ్‌లో, అంటే 501 నుంచి సున్నా దాకా సాగే ఒక్కో ఆటలో, ఇద్దరికీ 501 నిండుగా ఉంటుంది. ఇద్దరూ నైన్ డార్టర్ దారిలో పక్కపక్కనే నడవొచ్చు. ఎదుటివాడు ఎంత బాగా ఆడినా మన బోర్డుని చెడగొట్టలేడు. స్నూకర్‌లో ఫ్రేముకి ఒక్కరికే 147 అవకాశం. ఎదుటివాడు ఒక్క రెడ్డు వేసి తప్పినా పద్నాలుగే మిగులుతాయి, మన 147 పోయినట్టే. ఆ ఒక్కరికి కూడా, ఎదుటివాడు పొరపాటు చేసి మొదటి రెడ్డు వదిలితేనో, దూరం నుంచి తెగించి కొడితేనో దారి తెరుచుకుంటుంది. తెరుచుకున్నాక కూడా ఒక రెడ్డు కుషన్‌కి, అంటే బల్ల గట్టుకి, అతుక్కుని ఉందనుకోండి, బ్లాక్ చుట్టూ రెడ్లు గుమిగూడాయనుకోండి, ఎంతటివాడికైనా దాదాపు అసాధ్యం. ఇదంతా అరుదు ఖాతాలో వెయ్యాలి. కష్టం ఖాతాలో వేస్తే అన్యాయం.

అదృష్టం కూడా అంతే. ప్రపంచ స్నూకర్ చాంపియన్‌షిప్‌లో మొదటి 147 క్లిఫ్ థోర్‌బర్న్‌ది, 1983లో షెఫీల్డ్‌లోని క్రూసిబుల్ థియేటర్‌లో. ఆ బ్రేక్‌లో మొదటి రెడ్డు ఆయన అనుకున్నట్టు పడలేదు, వేరే దారిన పోయి పాకెట్లో పడింది. "చూశావా, లక్కు!" అన్నాడు మావాడు. నిజమే, మొదటిది లక్కు. తరవాతి ముప్పై అయిదు? ఆ చివరి బంతులు ఆడుతుంటే పక్క బల్ల మీద ఆడుతున్న బిల్ వెర్బెనిక్ తన ఆట ఆపి తెర పక్కనుంచి తొంగి చూశాడు. లక్కుని చూడ్డానికి ఒక ప్రొఫెషనల్ తన మ్యాచ్ ఆపుకుని రాడు.

అయితే ఇంక 147లో కష్టం ఎక్కడుంది?

ఆ 97లో ఉంది. పెద్ద ఆటగాడు నూటికి 97 బంతులు వేస్తున్నాడంటే, ఆ బంతులు తేలిగ్గా ఉన్నాయి కాబట్టి. తేలిగ్గా ఎందుకున్నాయి? అంతకుముందు దెబ్బలో తెల్ల బంతిని తనే అక్కడికి తెచ్చిపెట్టుకున్నాడు కాబట్టి. బంతిని పాకెట్లోకి పంపడం పనిలో సగం. తెల్ల బంతిని తరవాతి బంతికి కావలసిన చోట, కావలసిన కోణంలో ఆపడం మిగతా సగం. అసలు కష్టం ఈ రెండో సగంలోనే ఉంది. మావాడి లెక్కలో ఈ సగం లేదు. డార్ట్స్‌లో ఇది లేదు కాబట్టి వాడికి తట్టలేదు. ఒక బాణం గడిలో పడ్డాక, ఎడం అంచున పడిందా కుడి అంచున పడిందా అన్నది లెక్కలోకి రాదు. అరవై అంటే అరవై. తరవాతి బాణానికి మళ్ళీ అదే గీత, అదే దూరం, అదే బోర్డు. మహా అయితే తోక అడ్డం వస్తుంది. స్నూకర్‌లో రెడ్డు పడింది గానీ తెల్ల బంతి నాలుగంగుళాలు ఎక్కువ దొర్లింది అనుకోండి. పడినట్టే, స్కోరు వచ్చినట్టే. కానీ ఆ నాలుగంగుళాల అప్పు తరవాతి దెబ్బ మీద పడుతుంది. బ్లాక్‌కి కోణం చాలలేదు, ఏదోలా వేశాం, ఇప్పుడు రెడ్డుకి దూరమైపోయాం. దూరం నుంచి వేశాం, ఈసారి బ్లాక్‌కి రాలేకపోయాం, పింక్ తీసుకోక తప్పలేదు. 147 అయిపోయింది. ఒక్క బంతీ తప్పలేదు, అయినా అయిపోయింది.

వడ్డీ తెలిసినవాళ్ళకి ఇది బాగా అర్థమవుతుంది. చిన్న బాకీ అప్పటికప్పుడు తీర్చకపోతే పెరుగుతూ పోతుంది. గొప్ప ఆటగాళ్ళు మూడో దెబ్బలో చేసిన తప్పుని నాలుగో దెబ్బలోనే తీర్చేస్తారు, మనకి తప్పు జరిగిందని కూడా తెలీదు.

నాన్న ఈ సంగతి నాకు ఒక్క వాక్యంలో చెప్పాడు, నాకు పన్నెండేళ్ళప్పుడు. క్లబ్బులో ఒకాయన మంచి షాట్ కొడితే నేను చప్పట్లు కొట్టాను. నాన్న నా భుజం పట్టుకుని చెవిలో అన్నాడు: "పడ్డ బంతిని చూడకు. తెల్లది ఎక్కడికెళ్తోందో చూడు."

చాలా ఏళ్ళ తరవాత, నాన్న రిటైరై, కంటి ఆపరేషన్ అయి, మంచం మీద కూర్చుని ఉండగా ఫోన్లో ఒక వీడియో పెట్టాను. 1997 ప్రపంచ చాంపియన్‌షిప్, ఓ సలివన్ మిక్ ప్రైస్ మీద చేసిన 147. అయిదు నిమిషాల ఎనిమిది సెకన్లు. అంటే దెబ్బకి తొమ్మిది సెకన్లు కూడా లేవు. రెఫరీ బ్లాక్‌ని చుక్క మీద పెట్టడానికి పట్టే టైము కూడా అందులోనే ఉంది. నాన్న ఫోన్‌ని ముఖానికి దగ్గరగా పెట్టుకుని, పెదాలు కదుపుతూ ఎనిమిదో ఎక్కం చదువుకుంటున్నాడు. నలభై, నలభై ఎనిమిది, యాభై ఆరు. ఎక్కడా ఆశ్చర్యపడలేదు. నూట ఇరవై దగ్గర పదిహేనో బ్లాక్ పడి, తెల్ల బంతి బల్ల పొడుగునా వెనక్కి వచ్చి ఎల్లో పక్కన చక్కగా ఆగింది. "ఎల్లోకి వచ్చేశాడు. అయిపోయింది" అని ఫోన్ నాకిచ్చేశాడు. ఇంకా ఆరు బంతులు ఉన్నాయి. నేను చూడమని బతిమాలితే చూశాడు గానీ, ఆయన దృష్టిలో బ్రేక్ అక్కడే పూర్తయింది.

ఆయనెందుకలా అన్నాడో చెప్పాలి. రెడ్లూ బ్లాకూ అన్నీ బల్లకి ఒక చివర ఉంటాయి. ముప్పై దెబ్బలూ ఆ చివరే, చిన్న చిన్న కదలికలతో సాగుతాయి. ఎల్లో, గ్రీన్, బ్రౌన్ రెండో చివర. పదిహేనో బ్లాక్ వేస్తూనే తెల్ల బంతిని ఇంచుమించు బల్ల పొడుగంతా నడిపించి, సరైన వైపున ఆపాలి. అప్పటిదాకా అరచేయంత జాగాలో తిప్పుకున్న బంతిని ఒక్కసారి ఊరు దాటించాలి. అక్కడే ఎన్ని 147లు రాలిపోతాయో.

నాన్న మాట మావాడికి చెబితే వాడు ఊరుకోలేదు. "తాతయ్య పొరబడ్డారు మావయ్యా" అని కెన్ డోహర్టీ సంగతి తీశాడు. 2000 మాస్టర్స్ ఫైనల్, లండన్‌లోని వెంబ్లీ. మాథ్యూ స్టీవెన్స్ మీద డోహర్టీ ముప్పై అయిదు బంతులు వేసి 140కి వచ్చాడు. బ్లాక్ ఒక్కటే మిగిలింది. 147 చేస్తే 80,000 పౌండ్ల స్పోర్ట్స్ కారు. బ్లాక్ దాని చుక్క మీదే ఉంది, చుట్టూ ఒక్క బంతి లేదు. కొట్టాడు, తప్పింది. ఫైనల్ కూడా ఓడిపోయాడు. క్లబ్బుల్లో మామూలు ఆటగాళ్ళు రోజూ వేసే బంతి అది.

నిజమే. నాన్న చెప్పిన "అయిపోయింది" అక్కడ చెల్లదు. నాన్న చేతి కష్టాన్నీ, కంటి కష్టాన్నీ లెక్కపెట్టాడు. గుండె కొట్టుకోవడాన్ని లెక్కపెట్టలేదు.

మావాడి బలమంతా ఇక్కడే ఉంది, దాన్ని వాడు చక్కగా వాడుకున్నాడు. 147లో ఫ్రేము ఎప్పుడో గెలిచేసి ఉంటాం. పది రెడ్లూ పది బ్లాకులూ అయ్యేసరికి మనకి 80, బల్ల మీద మిగిలింది 67. ఇక ఎదుటివాడు మామూలుగా ఆడి గెలవలేడు. మిగతా పదహారు దెబ్బలూ ఓడిపోతామన్న భయం లేకుండా ఆడొచ్చు. నైన్ డార్టర్‌లో ఆ వెసులుబాటు లేదు. తొమ్మిదో బాణం పడితేనే లెగ్ మనది. పడకపోతే ఎదుటివాడు పక్కనే బాణాలు పట్టుకుని నిలబడి ఉంటాడు.

2023 జనవరి 3న జరిగిన ప్రపంచ డార్ట్స్ ఫైనల్ చూసినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. మైఖేల్ వాన్ గెర్వెన్ ఎనిమిది బాణాలు ఒక్కటీ తప్పకుండా వేశాడు. తొమ్మిదోది డబుల్ 12కి. కొద్దిలో తప్పింది. వెంటనే మైఖేల్ స్మిత్ వచ్చాడు. అతనూ అప్పటిదాకా ఆరు బాణాలు తప్పకుండా వేసి 141 మీద ఉన్నాడు. ట్రెబుల్ 20, ట్రెబుల్ 19, డబుల్ 12. పడింది. ఒకే లెగ్‌లో, ఒకే గడికి, కొన్ని సెకన్ల తేడాలో ఒకరికి తప్పి ఇంకొకరికి దిగింది. ఆ ఫైనల్ కూడా స్మిత్‌దే, అతని మొదటి ప్రపంచ టైటిల్. ఆ వీడియో చూస్తుంటే నాకు రెండు అరచేతులూ చెమట పట్టాయి, ఫలితం ముందే తెలిసి కూడా.

పాల్ లిమ్ సంగతి అంతకన్నా పట్టేస్తుంది. సింగపూర్ మనిషి. ప్రపంచ చాంపియన్‌షిప్‌లో మొట్టమొదటి నైన్ డార్టర్ ఆయనదే, 1990లో. దానికి వచ్చిన 52,000 పౌండ్లు ఆ ఏడాది చాంపియన్ ఫిల్ టేలర్‌కి వచ్చినదానికన్నా ఎక్కువ. ఇరవై ఏడేళ్ళ పైన గడిచాక, 63 ఏళ్ళ వయసులో, మళ్ళీ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో గ్యారీ ఆండర్సన్ మీద ఎనిమిది బాణాలు వేసి డబుల్ 12 ముందు నిలబడ్డాడు. హాలంతా లేచి నిలబడింది. తప్పింది. ఆ ఒక్క బాణం పడి ఉంటే అని ఇప్పటికీ అనుకుంటాను.

అందుకే ఇది ఒప్పేసుకుంటున్నాను: చివరి దెబ్బని మాత్రమే చివరి దెబ్బతో పోలిస్తే, తొమ్మిదో బాణమే కష్టం. చుక్క మీది బ్లాక్‌కన్నా 8 మిల్లీమీటర్ల డబుల్ ఎంతో కష్టం. కానీ నా దృష్టిలో పర్‌ఫెక్ట్ స్కోరు కష్టాన్ని చివరి దెబ్బతో కొలవలేం. అక్కడిదాకా రావడం ఎంత కష్టమో అది కూడా అందులో భాగమే.

"మరి ఓ సలివన్ 147 చెయ్యగలిగి వదిలేశాడుగా? అంత కష్టమైతే వదిలేస్తాడా?" అని కనుమనాడు పొద్దున్నే ఇంకో బాణం వేశాడు. 2016 వెల్ష్ ఓపెన్‌లో జరిగింది అది. 147 బహుమతి 10,000 పౌండ్లేనని తెలిసి, కావాలనే మధ్యలో ఒక బ్లాక్ బదులు పింక్ తీసుకుని 146తో ముగించాడు. ఆ పని నాకు నచ్చలేదు. టికెట్ కొని వచ్చినవాళ్ళకి 147 చూపించగలిగి చూపించకపోవడం నాకు సబబుగా తోచదు. కానీ అది నా వాదనకే పనికొస్తుంది. నైన్ డార్టర్ దారీ గెలుపు దారీ ఒకటే, దాన్ని కావాలని వదిలేసేవాళ్ళు ఎవరూ ఉండరు. స్నూకర్‌లో 147 దారి గెలుపు దారికన్నా ఇరుకైంది. పక్కనే బ్లూ తేలిగ్గా ఉన్నా, పింక్ పిలుస్తున్నా, ప్రతిసారీ బ్లాకే అని మనిషి పట్టుబట్టి నడవాలి. తెల్ల బంతి పదిహేనుసార్లు బ్లాక్‌కే రావాలి. ఆ పట్టుదలకి వేరే ఆటలో సమానమైనది నాకు కనబడలేదు.

పైగా ఇది మనకి ఎంత దూరపు సంగతో అన్నట్టు మాట్లాడుకుంటాం గానీ, మనవాళ్ళూ చేశారు. గీత్ సేథీ 1988లో మన జాతీయ పోటీల్లో 147 కొట్టాడు. ఆదిత్య మెహతా 2014లో పాల్ హంటర్ క్లాసిక్‌లో చేశాడు, ప్రొఫెషనల్ టోర్నమెంట్‌లో ఒక భారతీయుడు చెయ్యడం అదే మొదలు. నాన్న ఆ వార్తని చింపి పర్సులో పెట్టుకున్నాడు.

కనుమనాడు కాకైనా కదలదంటారు, కాబట్టి మావాడి ప్రయాణం మర్నాటికి పడింది. మధ్యాహ్నం క్యారమ్ బోర్డు దించాం. రాయగడలో పుట్టిన ఏ పిల్లాడికైనా క్యారమ్ నేర్పించక్కర్లేదు, వినాయక చవితి పందిట్లో వాడికదే వచ్చేస్తుంది. క్యారమ్‌లో కూడా పర్‌ఫెక్ట్ ఆట ఉంది, వైట్ స్లామ్. ఆట మొదలుపెట్టినవాడు తన మొదటి వంతులోనే తొమ్మిది తెల్ల కాయిన్లూ, రాణీ తప్పకుండా వేసెయ్యాలి. బోరిక్ పౌడర్ చల్లుతుంటే నాకొకటి తట్టింది. క్యారమ్ సరిగ్గా ఈ రెండు ఆటలకీ మధ్యలో ఉంది. కాయిన్లు స్నూకర్ బంతుల్లాగే ఎక్కడ పడితే అక్కడికి చెదిరిపోతాయి. కానీ స్ట్రైకర్ మాత్రం ప్రతి దెబ్బ తరవాతా మన చేతికి తిరిగొస్తుంది. మన గీత మీద మనకి నచ్చిన చోట పెట్టుకోవచ్చు, డార్ట్స్ ఆడేవాడు ప్రతిసారీ తన గీత దగ్గరికి వచ్చినట్టు.

"స్ట్రైకర్ చేతికి రాదనుకో. ఎక్కడ ఆగితే అక్కడి నుంచే కొట్టాలనుకో. ఆడదామా?" అన్నాను.

వాడు నవ్వి సరే అన్నాడు. ముందు మామూలుగా ఆడాం. వాడు ఒక వంతులో వరసగా అయిదు వేశాడు, నేను ఆరు. చేతులు బానే పడుతున్నాయి. తరవాత కొత్త పద్ధతి. మొదటి వంతులో వాడు ఒక కాయిన్ వేశాడు, ఎప్పటిలాగే గట్టిగా. స్ట్రైకర్ రెండు గోడలకి తగిలి వచ్చి, మూల పాకెట్ పక్కన రెండు నల్ల కాయిన్ల వెనక నక్కింది. అక్కడి నుంచి వాడికి ఒక్క తెల్లదీ కనబడలేదు. వంతు పోయింది. నేను రెండు వేశాను, మూడోదానికి స్ట్రైకర్ ఫ్రేముకి అతుక్కుపోయి వేలు పెట్టడానికి సందు లేదు. అలా అరగంట గడిచింది. ఒకటి, రెండు, ఒకటి, సున్నా. అదే బోర్డు, అవే కాయిన్లు, అవే చేతులు. మారింది ఒక్కటే, స్ట్రైకర్ తిరిగి రావడం లేదు. అక్క టీ పెట్టి పిలిచింది. ఎవరూ లేవలేదు.

నాలుగో ఆటలో వాడు కొట్టే తీరు మారింది. వేలు దగ్గరికి లాక్కుని, బలం తగ్గించాడు. ఒక తేలిక కాయిన్ ఎదురుగా ఉన్నా దాన్ని వదిలేసి, కొంచెం కష్టమైన ఇంకోదాన్ని ఎంచుకున్నాడు. కొట్టే ముందు కాయిన్ దగ్గర నుంచి పక్కకి, అక్కడి నుంచి ఇంకా పక్కకి కళ్ళతోనే ఒక దారి గీసుకున్నాడు. నెమ్మదిగా కొట్టాడు. కాయిన్ వెళ్ళి పాకెట్ అంచున ఒకసారి ఊగి, లోపలికి జారింది. మా అక్క "పడింది" అంది గుమ్మంలోంచి. వాడు అటు తల తిప్పలేదు. పౌడర్ మీద సన్నగా గీత గీసుకుంటూ పోతున్న స్ట్రైకర్ ఎక్కడ ఆగుతుందా అని దాన్నే చూస్తున్నాడు.